చిన్నరాజు ఒడ్డెక్కిండా?

మొన్న ముసురు పట్టిన నాడు నస్పూర్ నుంచి సుగుణ ఫోన్ చేసింది. సుగుణ మా రాజమల్లు మామ బిడ్డ, వరుసకు నాకు మరదలు. మనుమరాండ్లు పుట్టినా నన్ను ఆటపట్టించుడు మానని మనిషి. ఆ పొద్దు మాత్రం మాటల్ల నవ్వు లేదు. మామ అన్నం ముట్టుకుంటలేడట. మంచం కిటికీ పక్కకు జరిపించుకొని, వాన దిక్కే చూసుకుంట, వచ్చినోళ్ళనల్లా ఒకటే మాట అడుగుతుండట, పిలగాడు ఒడ్డెక్కిండా అని. ఏ పిలగాడని అడిగితే చెప్పడట. మనుమలను తెచ్చి ముందర నిలబెడితే, గీళ్ళు గాదు, నీళ్ళల్ల ఉన్నోడు అంటుండట. డాక్టరేమో వయసు మీద పడ్డది, మతిమరుపు అన్నడు. మామ బతుకంతా బొగ్గుబాయిల పని చేసిన మనిషి గనుక, బాయిల ఎవరన్న పోయింది యాదికొస్తుందేమోనని పక్కింటోళ్ళ అనుమానం. "బావా, నీకేమన్న ఎరుకనా?" అని అడిగింది సుగుణ.

నాకు ఎరుకే. ఆ పిలగాణ్ణి నేనే.

ఇప్పుడు నన్ను చూసినోళ్ళు నమ్మరు గాని, నేనొకప్పుడు రంగస్థలం మీద పేరున్న బాలనటుణ్ణి. కరీంనగర్ల కరెంటు ఆఫీసు నుంచి రిటైరైన నాడు శాలువా కప్పి చదివిన సన్మానపత్రంలో ఈ సంగతి లేదు. నేనే చెప్పలేదు. చెప్తే ఏ వేషం వేసేటోనివని అడుగుతరు. మునిగే వేషం అని చెప్పాలె. మిగిలిన నటుల జీవితం ఎప్పుడో ఒకప్పుడు మునుగుతది, నాది మొదలే మునకతోటి మొదలైంది. ఆ తర్వాత నీళ్ళను వదిలి కరెంటును పట్టుకున్న. రెండూ జాగ్రత్తగ పట్టుకోవాల్సినవే.

మా మేళం ఆడే ఆట పేరు "చెరువు కట్టిన రాజు". ఎవరు కట్టిండ్రో తెల్వదు, చెరువును గాదు, ఆ పాటలను. మేళం నడిపే మా బాపుకు వాళ్ళ గురువు నోటి నుంచి వచ్చినయి. కరువు పడ్డ రాజ్యంల ఒక రాజు చెరువు తవ్విస్తడు. ఎన్నిసార్లు కట్ట పోసినా తెగిపోతుంటది. గంగమ్మ కలలోకొచ్చి నీ ఒక్కగానొక్క కొడుకును నాకియ్యి, కట్ట నిలబెడతనంటది. రాజు ఏడుస్తడు, ఊరు ఏడుస్తది, రాణి తన చేతులతోటే చిన్నరాజుకు తానం పోసి, బొట్టు పెట్టి, నీళ్ళల్లకు తోలుతది. తెల్లారంగ రాణి పాటకు కరిగి గంగమ్మ పిలగాణ్ణి ఎత్తుకొని పైకి వస్తది. ఇంతే కథ. కాని పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాక నడిచేది, ఎందుకంటే మా రాజు ఒక్క నిట్టూర్పు విడువాలంటే నాలుగు పాటలు కావాలె.

చెరువంటే నీలం రంగు చీర. చెరో కొస ఇద్దరు పట్టుకొని ఊపేటోళ్ళు. నేను పాడుకుంట నడిచి, మోకాళ్ళు వంచి, మెల్లగ చీర వెనుకకు కిందికి పోవాలె. పోయినంక నాకు పని లేదు. రాజు దుఃఖం, మంత్రి ఓదార్పు, నడుమ నవ్వించేటోళ్ళ ఆట, అన్నీ అయ్యేదాక ఆ చీర వెనుక గోనెసంచి మీద పండుకొని ఉండాలె. నేను నిజంగనే నిద్రపోయేటోణ్ణి. గంగమ్మ వేషం ఖాసీం చిచ్చాది. ఖానాపూర్ల టైలర్. నన్ను లేపెటందుకు అరికాళ్ళల్ల చక్కిలిగింత పెట్టేటోడు, ఆయన దగ్గర అత్తరు వాసన, మొఖానికి రుద్దుకున్న అర్దళం పొడి వాసన, కొబ్బరినూనె వాసన కలిసి కొట్టేవి. నీళ్ళల్ల నుంచి లేచిన చిన్నరాజు కండ్లు నలుపుకుంట, అటూ ఇటూ తూలుకుంట నిలబడితే, ఏం నటన, నిజంగ మునిగి లేచినట్టే ఉన్నడని జనం చప్పట్లు కొట్టేటోళ్ళు. నిద్రమత్తుకు అంత పేరొచ్చిన నటుడు ఇంకొకడు ఉండడు.

రాణి వేషం రాజమల్లు మామది. అప్పటికే నస్పూర్ దిక్కు బాయిల పనికి కుదిరిండు. ఆట ఉన్నప్పుడల్లా సెలవు పెట్టి, మీసం తీసి వచ్చేటోడు. మీసం తీసినోణ్ణి చూసి, ఇయ్యాల ఏ ఊరికి కోడలువై పోతున్నవని బాయికాడ నవ్వేటోళ్ళట. మామ పట్టించుకోకపోయేది. నన్ను చెరువుల దింపి, తను బాయిల దిగి బతికిండు. మా అవ్వకు దూరపు చుట్టం, తమ్ముని వరుస. స్టేజీ కింద నేను మామా అంటే, స్టేజీ మీద అవ్వా అనేటోణ్ణి. ఒక్కోసారి నిద్రమత్తుల తలకిందులై, నిండు సభల రాణిని మామా అని పిలిచిన సందర్భాలున్నయి. ఊరోళ్ళు అదీ ఆటల భాగమే అనుకున్నరు.

మా మేళంల ఒక ఆచారం ఉండె. ఒప్పజెప్పుడు అనేటోళ్ళు. ఆట అయిపోయినంక, మంగళారతికి ముందు, పిలగాణ్ణి నీళ్ళల్లకు తోలిన రాణే వాణ్ణి ఎత్తుకొని స్టేజీ దిగి, కన్నతల్లి ఒళ్ళె పెట్టాలె. "నీ కొడుకు నీకు, నీ ఒడి నీకు" అని అప్పగించాలె. ఆ తల్లి పిలగాని చేతికి పసుపుదారం కట్టాలె. వేరే ఊరైతే అక్కడి తల్లులల్ల ఎవరో ఒకరు ఒడి పట్టి తీసుకునేది, దారం కట్టేది, పేలాలో కుడుక ముక్కో చేతుల పెట్టేది. ఆ లెక్కన గోదావరి కింది మీది ఊర్లల్ల నాకు చాలామంది అవ్వలున్నరు. ఎవరి మొఖమూ యాది లేదు గాని, చేతులు యాదికున్నయి. పసుపు ఉడకబెట్టే కాలమైతే ఆ చేతులన్నీ ఒక్కతీరుగ పచ్చగ ఉండేవి.

ఇక నా సొంత అవ్వ. ఖానాపూర్ అవతల మా ఊరు. బాపుకు ఇంత మక్కచేను, ఒక హార్మోనియం పెట్టె. చేను కన్న పెట్టెనే ఎక్కువ దున్నేటోడని అవ్వ అనేది. అవ్వ బీడీలు చేసేది. పొద్దున లేచేసరికి తడిపిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, పొయ్యి మీద మక్కరవ్వ గట్క ఉడికే వాసన. కత్తెర ఆకును కోసే చప్పుడే నాకు మేలుకొలుపు. చాట ఒళ్ళె పెట్టుకొని, మాట్లాడుకుంటనే, కన్ను పక్కకు తిప్పకుండనే ఆకు చుట్టి దారం కట్టేది. ఆమె చేతుల దారం లేని నిమిషం నేను చూడలేదు.

నాకంటే ముందు పుట్టిన ఇద్దరు నిలువలేదు. అందుకని నేను పుట్టంగనే చాటల వేసి పెంటకుప్ప మీద పెట్టించి, పక్కింటామెతోటి ఎత్తించి, పిడికెడు తౌడిచ్చి నన్ను కొనుక్కున్నది అవ్వ. చెత్తల దొరికినోణ్ణి చావు ముట్టదని మా దిక్కు నమ్మకం. పెంటయ్య అని పేరు పెట్టింది. ఆట మొదలయ్యే ముందు మైకుల "చిన్నరాజు పాత్రలో మాస్టర్ పెంటయ్య" అని చెప్పేటోళ్ళు. రాజ్యాన్ని పెంట చేసిన రాజులు చాలామంది ఉన్నరు గాని, పెంటను రాజు చేసింది మా మేళమొక్కటే.

పాత చిన్నరాజుకు మీసాలొచ్చినయని బాపు నన్ను ఆ వేషానికి అడిగిన నాడు ఇంట్ల పెద్ద లొల్లి అయ్యింది. అవ్వ అరువలేదు, ఆమెకు అరుచుడు రాదు. రెండు పూటలు పొయ్యి ముట్టియ్యలేదు. చావు కన్నుగప్పి దాచిపెట్టుకున్న పిలగాణ్ణి ఊరందరి ముందర నీళ్ళల్లకు తోలుడేందని ఆమె బాధ. ఆఖరుకు ఒక్క మాట మీద ఒప్పుకున్నది. ప్రతి ఆటకు ఒప్పజెప్పుడు జరగాలె, పిలగాడు చేతికి దారంతోటి ఇంటికి రావాలె. ఆట చూసెటందుకు మాత్రం ఎన్నడూ రాకపోయేది. మా ఊర్ల ఆడిన నాడు తెల్లారే యాళ్ళకు వచ్చి, వెనుక నిలబడి, ఒడి పట్టి నన్ను తీసుకొని పోయేది. పక్క ఊర్ల నుంచి వస్తే ముందుగాల నా చెయ్యి చూసేది, తర్వాత మొఖం చూసేది.

గోదావరి ఒడ్డున ఒక ఊర్ల ఆడుతున్నప్పటి సంగతి ఇది. నేను మునిగి, గోనెసంచి మీద హాయిగ నిద్రల ఉన్న. రాజు ఇంకా మూడో నిట్టూర్పు మీద ఉన్నడట. ఉన్నట్టుండి గాలి లేచింది, వాన పడ్డది. పందిరి ఒరిగింది, పెట్రోమాక్స్ లైట్లు ఆరిపోయినయి. ఎవరో నన్ను సంచితోటి సహా ఎత్తుకొని ఉరికిండ్రు. కండ్లు తెరిచేసరికి బడి వరండల ఉన్న. బాపు తడిసిన పెట్టెను కండువతోటి తుడుసుకుంట కూసున్నడు, పెద్ద ఆపరేషన్ చేస్తున్న డాక్టరు తీరుగ. తెల్లారినంక ఎవరి దారిన వాళ్ళు పోయిండ్రు. రాజుకు నాట్లున్నయి, మంత్రికి బర్రె ఈనింది. ఆట అర్ధంలనే ఆగిందన్న పరేషాన్ ఎవరికీ లేదు, వానకు ఎవరేం చేస్తరు. ఖాసీం చిచ్చా, రాజమల్లు మామ ఖానాపూర్ తొవ్వ పట్టిండ్రు. బాపు నన్ను సైకిల్ ముందర కూసోబెట్టుకొని, పెట్టెను వెనుక కట్టుకొని ఇంటికొచ్చిండు.

అవ్వ దర్వాజ కాడ బీడీలు చుడుతుండె. అలవాటుగ నా చెయ్యి పట్టి చూసింది. తిప్పి చూసింది. రెండో చెయ్యి చూసింది.

"దారం ఏది?" అని బాపును అడిగింది.

వాన పడ్డదని, ఆట ఆగిపోయిందని బాపు చెప్పిండు. ఎక్కడ ఆగిందని అడిగింది అవ్వ. బాపుకు అబద్ధం పాడొస్తది గాని ఆడరాదు. పిలగాడు మునిగినంక అని చెప్పిండు.

అవ్వ చాట పక్కకు పెట్టింది. లేచి గడపకు అడ్డంగ కూసున్నది. "అంటే నా కొడుకు ఇంకా నీళ్ళల్లనే ఉన్నడు" అన్నది.

"గీడ నిలబడ్డడు గదనే" అన్నడు బాపు.

"గీ పిలగాడు ఎవలో నాకెరుక లేదు. నా కొడుకును నీళ్ళల్లకు తోలినోడే తెచ్చి నా ఒళ్ళె పెట్టాలె. గప్పటిదాక ఎవ్వలనూ గడప దాటనియ్య."

బాపు మొదలు నవ్విండు. తర్వాత కోపానికొచ్చిండు. తర్వాత బతిమాలిండు. మొఖం మీద ఆయన పలికించని రసం లేదు, దేనికీ చప్పట్లు రాలేదు. ఆఖరుకు పెట్టెను అరుగు మీద దింపి, సైకిల్ మలుపుకొని మళ్ళ ఖానాపూర్ పోయిండు.

నేను అరుగు మీద మిగిలిన. ఆకలైతుందా బిడ్డా అని అవ్వ నన్ను అడిగింది, చుట్టాల పిలగాణ్ణి అడిగినట్టు. చుట్టాలొస్తే తీసే ఇత్తడి పళ్ళెంల గట్క పెట్టి, సల్ల పోసి, పచ్చిమిరప తొక్కు వేసి ఇచ్చింది. నా పేరు మాత్రం పలుకలేదు. నీళ్ళల్ల ఉన్నోని పేరు పిలిస్తే వాడు ఆడనే పలుకుతడని ఆమె భయమట, అది తర్వాత తెలిసింది. అప్పుడు నాకు ఏడుపు రాలేదు. భయమైంది. అవ్వ మీద గాదు, నా మీదనే అనుమానం మొదలైంది. ఆమె ఎన్నడూ తప్పు చెప్పలేదు, నేను మునిగిన మాట నిజం, లేచినట్టు యాది లేదు. గట్క తినుకుంట నడుమ నడుమ నా చెయ్యి నేనే గిచ్చుకొని చూసుకున్న.

పొద్దు తిరిగినంక బాపు ఇద్దరినీ తీసుకొచ్చిండు. ఖాసీం చిచ్చా ఎవరిదో పెండ్లి కోటు కుడుతుంటే మిషన్ మీది నుంచే లేపుకొచ్చిండట, మెడల కొలత టేపు అట్లనే ఉన్నది. రాజమల్లు మామ మంచిర్యాల బస్సుల కిటికీ పక్కన కూసోని ఉంటే దింపుకొచ్చిండు. ఆ బస్సు పోతే మామకు డ్యూటీ పోతది. ఆ సంగతి మామ అప్పుడు అనలేదు, తర్వాత ఎన్నడూ అనలేదు. అవ్వ ఇంకా గడప మీదనే ఉన్నది.

"పరేషాన్ గాకు చెల్లె, నీ కొడుకును నేను భద్రంగనే పెట్టిన" అన్నడు ఖాసీం చిచ్చా. అవ్వ నవ్వలేదు.

ఆరేసిన అవ్వ చీరనే దండెం మీది నుంచి తీసి పక్కింటోళ్ళు ఇద్దరు చెరో కొస పట్టుకున్నరు. నన్ను వెనుక పండుకోబెట్టిండ్రు. వాడకట్టు ఆడోళ్ళు, పిల్లలు జమైండ్రు. బాపు పెట్టె విప్పి తిత్తి ఒత్తిండు, అది గురక పెట్టింది. ఇక పెట్టె వద్దని నోటితోటే శ్రుతి పట్టిండు. రాజమల్లు మామ వాకిట్ల నడుమ నిలబడి, టవాలు కొంగు లెక్క తల మీద కప్పుకున్నడు. రంగు లేదు, సొమ్ములు లేవు, గడ్డం గరుకుగ మొలుస్తున్నది. పట్టపగలు ఆ రాణిని చూసి వాడకట్టంతా పకపక నవ్వింది. మామకే నవ్వొచ్చింది, టవాలు జారింది.

"నవ్వుండ్రి" అన్నది అవ్వ. "నవ్వుడు అయినంక పాడుండ్రి."

అప్పుడు మామ పాట ఎత్తుకున్నడు. "గంగా గంగా గట్టుతల్లీ, పిడికెడంత నా పిలగాణ్ణి ఒడ్డుకు దాటియ్యవే" అని. ఆ పాట నేను నిద్రలనే తప్ప మెలకువల వినలేదు. నీరెండ పడి చీర వెలుగుతున్నది. కుంకుడుకాయ వాసన, తంబాకు వాసన, అవ్వ వాసన. చీర అవతల నీడలు కదులుతున్నయి. నిజంగ నీళ్ళ కింద ఉన్నోడికి ఒడ్డు మీది మనుషులు ఇట్లనే కనబడతరనిపించింది. మామ గొంతు రెండో చరణంల పలిగింది. రాత్రి పాడి పలిగిందా, ఏడ్చి పలిగిందా తెల్వదు. వాడకట్టుల నవ్వు ఆగిపోయింది. ఖాసీం చిచ్చా ఈసారి చక్కిలిగింత పెట్టలేదు. నేను మెలకువతోటే ఉన్నానని ఆయనకు తెలుసు. రెండు చేతులేసి ఎత్తి పట్టుకున్నడు. ఆ చేతుల మీద నుంచే నా పాట పాడిన. "ఏటి నీళ్ళు చల్లన అవ్వా, నీ ఒళ్ళె ఎచ్చన" అనేది పల్లవి. అవ్వ నా పాట వినుడు అదే మొదలు.

మామ నన్ను ఎత్తుకొని గడప కాడికి పోయి, "నీ కొడుకు నీకు, నీ ఒడి నీకు అక్కా" అన్నడు. ఆటల అక్కా అన్న మాట లేదు. అవ్వ ఒడి పట్టింది. బీడీల దారాన్నే పసుపుల ముంచి నా చేతికి కట్టింది. కొంగుతోటి నా తల తుడుసుకుంట, "ఎంత తడిసినవురా పెంటిగా" అన్నది. నా తల పొడిగనే ఉన్నది. తుడిచింది, మళ్ళ తుడిచింది.

ఆ తర్వాత అందరికీ అన్నం పెట్టింది. మంచిగ ఏడిసినవ్ తమ్మీ అని మామకు ఒక గంటెడు ఎక్కువ వేసింది. అన్నాలు తినంగనే అవ్వ చెప్పిన ఉపాయం తోటి మా మేళం రాత మారింది. మీ ఆట ఏడిదాక వచ్చిందో వానకేమెరుక, ముందుగాల్నే ఒప్పజెప్పుండ్రి, తర్వాత ముంచుకుంటరో తేల్చుకుంటరో మీ ఇష్టం అన్నది. బాపు గునిసిండు, కడ ముందుకొస్తే కథ ఏముంటదని. ఈ కథ కడ తెల్వనోడు ఎవడని చిచ్చా నవ్విండు. అప్పటి నుంచి మా మేళం ఎక్కడ ఆడినా, గంట కొట్టంగనే మొదలు ఒప్పజెప్పుడు. రాణి నన్ను ఎత్తుకొచ్చి తల్లి ఒళ్ళె పెట్టేది, ఆ తల్లి దారం కట్టేది, ఆ దారంతోటే పోయి నేను మునిగేటోణ్ణి. మా ఊర్ల ఆడితే అవ్వ ఆ మొదటి ముక్క చూసి, దారం కట్టి, ఇంటికి పోయి బీడీలు చుట్టుకునేది. నేను మునుగుడు ఆమె ఎన్నడూ చూడలేదు. చూసే అవసరం లేకుండ చేసుకున్నది.

నా నటనకు నా గొంతే అడ్డం పడ్డది. ఒక సంవత్సరం "చల్లన" అన్న కాడ గొంతు బొంగురుపోయి కప్ప అరిచినట్టు అరిచిన. చెరువుల కప్ప ఉండుడు సహజమే గదా అన్న గాని బాపు ఒప్పుకోలేదు. ఇంకో పిలగాణ్ణి తెచ్చిండు. ఆ తర్వాత మేళం ఎక్కువ ఏండ్లు నడువలేదు. రాజు దుబాయి పోయి ఎవరివో మేడలు కట్టిండు. మంత్రి మస్కట్ పోయిండు. నీలం చీర పట్టుకునే ఇద్దరిల ఒకరు పోతే, రెండో కొస పట్టెటందుకు మనిషి దొరుకక చెరువే ఎండిపోయింది. ఈ మధ్య వేములవాడల ఒక కొత్త మేళం మా ఆటను ఆడితే పోయి చూసిన. మొదలే ఒప్పజెప్పుడు. ఇది వేల ఏండ్ల నాటి పూజ అని మైకుల ఒక అబ్బాయి భక్తిగ వివరించిండు. నాకింకా డెబ్బై నిండలేదు. మా అవ్వకు అన్ని వేల ఏండ్ల ఆయుష్షు పోసిండని సంతోషపడ్డ.

ఇప్పుడు మా ఇంట్ల మనుమలు ఆట నడుమల ఆపుతరు, సినిమా నడుమల ఆపుతరు, ఒక్కోసారి మాట కూడా నడుమల్నే ఆపి ఫోన్ దిక్కు చూస్తరు. ఆపిన కాడ ఎవడు మిగిలిపోయిండో వాళ్ళకు ఫికర్ లేదు. తప్పు పట్టుత లేను, మళ్ళ నొక్కితే ఆగిన కాడ నుంచే నడుస్తదని వాళ్ళకు ధైర్యం. మాకు ఆ ధైర్యం లేకుండె. మనుషులను బస్సుల నుంచి, మిషన్ల మీది నుంచి దింపుకొని రావాల్సి వచ్చేది. వచ్చేటోళ్ళు, అదే నాకు ఇప్పుడు ఆశ్చర్యం.

సుగుణ ఫోన్ పెట్టంగనే బయలుదేరి నేను నస్పూర్ల దిగేసరికి వాన జల్లుగ పడుతున్నది. మామ కిటికీ పక్కన చిన్నగ అయిపోయి ఉన్నడు. గొంతుల బొగ్గుబాయి దగ్గు అట్లనే ఉన్నది. నేను పక్కన కూసోని, మామా నేను పెంటయ్యను, ఎప్పుడో ఒడ్డెక్కిన అని చెప్పిన. నా బట్టతల దిక్కు, పొట్ట దిక్కు మర్యాదగ చూసి, తమరు పెద్దమనుషులు, పిలగాడు గింతే ఉంటడు అని కిటికీ అంచు ఎత్తుకు చెయ్యి పెట్టి చూపించిండు. అవ్వ చేయించిన ఒప్పజెప్పుడు ఆయన మతిల లేదు. బస్సు దిగి వచ్చింది లేదు, మా వాకిలి లేదు. ఆ గాలివాన దగ్గరనే ఆగిపోయిండు, రాణి తోలిన పిలగాడు నీళ్ళల్లనే ఉన్నడు, ఆ బాధ్యత తన మీద ఉన్నది. అందుకే అన్నం పోతలేదు.

సుగుణకు కథంతా చెప్పిన. ఆమె, అయితే పాడరాదు బావా, ఇంట్ల ఎవరూ లేరు, చుట్టుపక్కలోళ్ళకు నేను జవాబు చెప్పుకుంట అన్నది. నేను మంచం పక్కన మోకాళ్ళ మీద కూసున్న. మామ చూపించిన ఎత్తుకు అప్పుడు సరిపోయిన. నా పాట రావాలంటే ముందు రాణి పిలువాలె గదా అని, "గంగా గంగా" అని నేనే ఎత్తుకున్న, కప్ప గొంతుతోటే. రెండో మాట యాదికి రాలేదు. అదే మాట మళ్ళ అంటుంటే మామ అందుకున్నడు. గట్టుతల్లీ అని మొదలుపెట్టి కడదాక పాడిండు, దగ్గు వచ్చిన కాడ ఆగి, మళ్ళ అదే కాడ నుంచి. నేను నా పల్లవి పాడిన. మామ నా మణికట్టు పట్టుకున్నడు. పట్టుకొని గదంతా చూస్తున్నడు. ఎవరి కోసం చూస్తున్నడో నాకు తెలిసింది. అవ్వ పోయి చాలా కాలమైంది. ఒడి పట్టెటందుకు మనిషి లేదు.

సుగుణ వచ్చి నేల మీద కూసోని కొంగు పరిచింది. "నాకియ్యి బాపు" అన్నది.

"నువ్వు వీని అవ్వవేనా బిడ్డా?" అని అడిగిండు మామ. కన్నబిడ్డనే అడిగిండు. ఆమె కొంగును ఇంకింత ముందుకు జరిపింది.

"అవును, నా కొడుకే" అన్నది.

మామ నా చెయ్యి తీసి ఆమె చేతుల పెట్టి, నీ కొడుకు నీకు, నీ ఒడి నీకు అన్నడు. ఆ తర్వాత నా దిక్కు తిరిగి, పెద్దయ్యా మీరు లేవుండ్రి, మోకాళ్ళు నొస్తయి, పిలగాడు వాళ్ళ అవ్వ కాడికి చేరిండు అన్నడు. సుగుణ నాకు లేచెటందుకు చెయ్యి ఇచ్చుకుంట, నిన్ను చేసుకోమంటే తప్పించుకున్న గద బావా, ఇప్పుడు నిన్ను కనాల్సి వచ్చింది అని చెవుల అన్నది. కండ్లు తుడుసుకుంటనే అన్నది.

పచ్చిపులుసు పోసి అన్నం కలిపి ఆమె పళ్ళెం తెచ్చి పెట్టింది. మామ ముద్ద నోట్ల పెట్టుకోబోయి ఆగిండు. పిలగానికి పెట్టిండ్రా అని అడిగిండు. సుగుణ ఇంకో పళ్ళెం తెచ్చి నా ముందర పెట్టి, తింటుండు బాపు, నువ్వు గూడ తిను అన్నది. మామ తినుడు మొదలుపెట్టిండు. నేను బస్టాండుల తినే వచ్చిన, కడుపు నిండనే ఉన్నది. తల వంచుకొని తిన్న. సుగుణ రెండోసారి వడ్డిస్తే వద్దనలేదు.